పొగను పట్టిన చరిత్ర



పాతర త్రవ్వి ధాన్యము తీయునప్పుడును, చిరకాలము మూతపడియున్న పాడుబావిలోనికి దిగునప్పుడును, మన పూర్వులు మొదట త్రాటితో దీపమును దింపి చూచెడివారు. దీపము వెలుగుచుండిన మనిషి దిగవచ్చును, ఆఱిపోయిన దిగరాదు. ఆ దీపమును ఆర్పినది దయ్యము కాదు, బొగ్గుపులుసు గాలి. ఇప్పటి పాఠ్యపుస్తకములు దానిని కార్బన్ డయాక్సైడు అనుచున్నవి. అది మామూలు గాలికంటె సుమారు ఒకటిన్నర రెట్లు బరువైనది గనుక పల్లమునందు నిలుచును. దానికి రంగు లేదు, వాసన లేదు. మనము విడుచు ఊపిరిలో నున్నదియు, గోలీసోడాలో పొంగునదియు, సున్నపుబట్టీనుండి వెడలునదియు, రాక్షసిబొగ్గును కాల్చు విద్యుత్కేంద్రముల పొగగొట్టములనుండి ఆకాశమున కెక్కునదియు ఆ గాలియే.

ఈ గాలిని పొగగొట్టమునందే పట్టి, ఆకాశమునకు పోనీయక, భూగర్భమున దాచవలెనను ప్రయత్నమును గుఱించి పత్రికలలో తఱచు చదువుచున్నాము. కొందఱు దీనిని సర్వరోగనివారిణి యనుచున్నారు; కొందఱు వట్టి బూటకమనుచున్నారు. ఇట్టి వివాదము తేల్చుటకు పాత లెక్కలు తిరుగవేయుటకంటె మంచి మార్గము లేదని నా నమ్మకము. ఎవరు, ఎప్పుడు, ఏ ఇంధనపు పొగనుండి, ఎంత గాలిని, ఏ ప్రయోజనముకొఱకు పట్టిరో ఈ ప్రసంగములో మనవి చేసెదను.

మొదట సున్నపుబట్టీ సంగతి. సున్నపురాతిని కాల్చిన రాయి తేలికపడునని మీరెఱుగుదురు. ఆ తగ్గిన బరువు ఎటు పోయినది? స్కాట్లండు దేశమునందు ఎడింబరో నగరములో జోసఫ్ బ్లాకు అను వైద్యుడు 1754 మొదలు 1756 వఱకు త్రాసు ముందుంచుకొని ఈ ప్రశ్నను పరిశోధించెను. రాతిలో బంధింపబడియున్న ఒక గాలి వేడికి వెడలిపోవుచున్నదని ఆయన కనుగొని, దానికి ‘బద్ధవాయువు’ అని యర్థము వచ్చు పేరు పెట్టెను. ఆ గాలిని సున్నపుతేటలోనికి పంపిన తేట పాలవలె తెల్లనగును. మన ఊపిరిని గొట్టముతో ఊదినను అట్లే యగును. గోడకు పూసిన సున్నము నెలల తరబడి గట్టిపడుచుండుటయు ఇందువలననే. బట్టీలో పోగొట్టుకొన్న గాలిని సున్నము ఆకాశమునుండి మరల పీల్చుకొని రాయి యగుచున్నది. చల్లగానున్నప్పుడు గాలిని పట్టుట, కాల్చినప్పుడు విడుచుట: ఈ సూత్రమును జ్ఞాపకముంచుకొనుడు. పొగను పట్టు నేటి యంత్రములలో పెక్కింటికి ఇదియే మూలము.

ఈ గాలిని పట్టవలసిన అక్కఱ యేమి? 1856లో యూనిస్ ఫుట్ అను అమెరికా వనిత గాజుగొట్టములలో వేర్వేరు గాలులను నింపి, ఉష్ణమాపకములు పెట్టి, ఎండలో ఉంచి చూచెను. బొగ్గుపులుసు గాలి నింపిన గొట్టము తక్కినవానికంటె హెచ్చుగా వేడెక్కెను; నీడకు తెచ్చిన పిదప ఆలస్యముగా చల్లారెను. 1859లో జాన్ టిండల్ అను శాస్త్రజ్ఞుడు లండనులో మఱింత సూక్ష్మమైన పరికరములతో, కంటికి కనబడని వేడిమిని ఈ గాలి అడ్డగించునని నిరూపించెను. భూమి రాత్రివేళ ఆకాశమునకు విడువవలసిన వేడిని ఇది కొంత నిలిపివేయుచున్నదన్నమాట. 1896లో స్వీడను దేశీయుడగు స్వాంటె అరీనియస్, ఈ గాలి హెచ్చినచో భూమి ఎంత వేడెక్కునో లెక్క కట్టెను. 1958లో చార్లెస్ కీలింగు హవాయి దీవిలో మౌనా లోవా కొండమీద ఈ గాలిని ఎడతెగక కొలుచుటకు ఆరంభించెను. అప్పుడు గాలిలో 10 లక్షల పాళ్ళకు సుమారు 315 పాళ్ళుండెను. ఆవిరియంత్రముల కాలమునకు ముందు సుమారు 280 మాత్రమే యుండెను. 2024లో సగటు 420 దాటినది. వేడి హెచ్చుటయు, వానల వరుస తప్పుటయు ఈ పెరుగుదలతో ముడిపడినవని శాస్త్రజ్ఞులు నిర్ధారణ చేసియున్నారు.

ఇక ఇంధనముల సంగతి. పొగ లన్నియు ఒక్కటి కావు. బొగ్గులో ముఖ్యమైనది కర్బనము. 12 పాళ్ళ కర్బనము కాలునప్పుడు 32 పాళ్ళ ప్రాణవాయువుతో కూడి 44 పాళ్ళ బొగ్గుపులుసు గాలి యగును. అనగా శుద్ధకర్బనము ఒక బండెడు కాల్చినచో మూడున్నర బండ్లకు మించిన బరువుగల గాలి పుట్టును. బూడిద హెచ్చుగానున్న మన దేశపు బొగ్గులో ఈ లెక్క తగ్గును గాని, గనినుండి తీసినదానికంటె గొట్టమునుండి పోవునది బరువు హెచ్చను మాట మాఱదు. బొగ్గు కేంద్రములో ఒక యూనిటు విద్యుత్తు పుట్టించుటకు ఇంచుమించు ఒక కిలో గాలి వెడలును. సహజవాయువులో కర్బనముతోపాటు ఉదజని విశేషముగా నున్నది. ఉదజని కాలిన నీటియావిరి యగును. అందుచేత మంచి వాయు కేంద్రములో యూనిటునకు 400 గ్రాములు మాత్రమే బొగ్గుపులుసు గాలి వెడలును.

అయినచో వాయువు పొగనుండి పట్టుట సులభమని తోచును. నిజము అందుకు విరుద్ధము. బొగ్గు పొగలో నూటికి 12 మొదలు 15 పాళ్ళు ఈ గాలి యుండగా, వాయువు పొగలో 3 లేక 4 పాళ్ళు మాత్రమే యుండును. చేపలు దట్టముగానున్న చెఱువులో రెండు వలలకు గంప నిండును. పలుచగానున్న చెఱువులో ఎనిమిది వలలు వేయవలెను. ఒక టన్ను పట్టుటకు వాయువు పొగను నాలుగింతలు వడగట్టవలసియుండును. పైగా ఆ పొగలో మిగిలిపోయిన ప్రాణవాయువు పట్టు మందును పాడుచేయును. బొగ్గు పొగలో గాలి దట్టమే గాని, దానివెంట బూడిదయు, గంధకపు పొగయు వచ్చి మందును చెఱచును. కట్టెల పొగ ఈ విషయమున బొగ్గు పొగకు చుట్టము. ఏ ఇంధనమునకు ఆ చిక్కు కలదు.

ఆ మందు ఏది? ఘాటైన అమోనియాకు చుట్టములగు అమీనులను ద్రవములు కలవు. ఇవి సున్నమువలెనే బొగ్గుపులుసు గాలిని పీల్చును. సున్నమునకు బట్టీ వేడి కావలసియుండగా వీనికి కాగు నీటికంటె కొంచెము హెచ్చు వేడి, అనగా సుమారు 120 డిగ్రీలు చాలును. ఎత్తైన స్తంభములో పైనుండి ద్రవము జల్లుగా పడుచుండ, క్రిందినుండి పొగ యెక్కుచుండును. ద్రవము గాలిని పట్టుకొని రెండవ స్తంభమునకు పోవును. అచ్చట ఆవిరితో కాచిన గాలిని విడిచి, చల్లబడి, మరల మొదటి స్తంభమునకు వచ్చును. 1930లో రాబర్టు బాటమ్స్ అను అమెరికా దేశీయుడు ఈ పద్ధతికి పేటెంటు పొందెను. ఆకాశమును కాపాడుట ఆనాటి ఉద్దేశ్యము కాదు. వాయువులలోని మలినములను తీసివేయుటయే ప్రయోజనము. కాబట్టి నేడు కొత్తదని చెప్పు ఈ విద్యకు తొంబది యేండ్లకు మించిన వయస్సు కలదు.

విద్య పాతదైనను, పొగగొట్టములకు అది చేరకుండుటకు కారణము ఖర్చు. ద్రవమును కాచుటకు కావలసిన ఆవిరిని, విద్యుత్తు పుట్టించు ఆవిరినుండియే తీయవలెను. పట్టిన గాలిని అదిమి గొట్టములలోనికి నెట్టుటకు మరల విద్యుత్తు కావలెను. కుప్పలోనుండియే కోతకూలి కొలిచినట్లు, బొగ్గు కేంద్రము తన పంటలో ఐదవ వంతు మొదలు మూడవ వంతు వఱకు ఈ పనికే యిచ్చుకొనవలసియుండును. అట్టి నష్టమును ఊరక భరించువా రెవరు? కావున తొలుత ఈ పని చేసినవారందఱును, పట్టిన గాలికి కొనుగోలుదారు డున్నచోటనే చేసిరి.

1972లో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున నేలనూనె బావుల యజమానులు ఈ గాలిని బావులలోనికి నెట్టి, రాతిపొరలకు అంటుకొనియున్న నూనెను వెలికి తీయ నారంభించిరి. ఆ గాలి విద్యుత్కేంద్రములది కాదు. సహజవాయువును శుద్ధిచేయు కార్ఖానాలది. 1978లో కాలిఫోర్నియాలో ట్రోనా యను ఎడారి గ్రామమున బొగ్గు బాయిలరు పొగనుండి అమీనులతో గాలిని పట్టి, ఉప్పునీటితో కలిపి చాకలిసోడా చేయ మొదలిడిరి. 1991లో మసాచుసెట్సు రాష్ట్రములోని బెల్లింగ్‌హాములో సహజవాయువును కాల్చు కేంద్రమున దినమునకు 300 టన్నులకు పైబడి పట్టి, ఆహారపదార్థముల వర్తకులకు అమ్మిరి. పలుచని పొగనుండి సైతము పట్టవచ్చునని ఆ కేంద్రము నిరూపించెను. అయితే సహజవాయువు ధర పెరుగుటచే 2005లో ఆ పని నిలిచిపోయెను. సోడాబుడ్డిలో పోసిన గాలి, మూత తీయగానే ఆకాశమునకే పోవునని వేఱుగ చెప్పనక్కఱలేదు. ఈ కాలమునందు పట్టుట జరిగినది గాని, దాచుట జరుగలేదు.

ఆకాశముకొఱకే పట్టవలెనను తలంపు ఇంతలో మొలకెత్తెను. 1977లో చేజరె మార్కెట్టి యను ఇటలీ శాస్త్రజ్ఞుడు, పొగలోని గాలిని పట్టి సముద్రపు లోతులకు దింపవచ్చునని వ్రాసెను. ఆచరణలో మొదటి అడుగు వేసినది నార్వే దేశము. 1991లో ఆ ప్రభుత్వము సముద్రములోని వాయుబావులవారు విడుచు బొగ్గుపులుసు గాలిపై పన్ను విధించెను. అది టన్నునకు సుమారు 50 డాలర్లు. ఉత్తర సముద్రమున స్లైప్నర్ అను బావినుండి వచ్చు సహజవాయువులో నూటికి 9 పాళ్ళు ఈ గాలి యుండెను. దానిని వేఱుచేయక అమ్ముటకు వీలులేదు. వేఱుచేసి విడిచినచో పన్ను తప్పదు. ఆ సంస్థవారు లెక్క చూచుకొని, 1996 మొదలు ఆ గాలిని సముద్రపు టడుగునకు 800 మీటర్లకు మించిన లోతున, ఉప్పునీటితో నిండిన ఇసుకరాతి పొరలోనికి పంపిరి. పైన గట్టి బంకరాతి పొర మూతవలె కప్పియున్నది. ఆ లోతున ఒత్తిడికి గాలి ఇంచుమించు ద్రవమువలె చిక్కబడును. ఏటేట 10 లక్షల టన్నులకు సమీపముగా ఇరువది యేండ్లు ఈ పని సాగినది. దాచుట సాధ్యమని లోకమునకు చూపిన మొదటి ఉదాహరణ మిదియే. దానిని నడిపించినది పన్ను.

అదే దేశములో పొగగొట్టపు గాలి వేఱొక కథ. 2000 మార్చిలో, గాలిని పట్టని వాయు విద్యుత్కేంద్రములకు అనుమతి యీయవలెనా వలదా యను వివాదముమీద ప్రధానమంత్రి బోండెవిక్ విశ్వాసపరీక్షలో ఓడి, ఆయన ప్రభుత్వము పడిపోయెను. పొగగొట్టముకొఱకు ఒక ప్రభుత్వము కూలుట లోకములో అరుదైన సంగతి. 2007 నూతనసంవత్సర ప్రసంగములో ప్రధానమంత్రి స్టోల్టెన్‌బర్గ్, మోంగ్‌స్టాడ్ వాయు కేంద్రములో గాలిని పట్టుట తమ దేశమునకు చంద్రునిపై దిగుటవంటి దనెను. 2012లో అచ్చట పరిశోధనశాల తెఱవబడెను. పూర్తి యంత్రమును మాత్రము 2013లో ఖర్చు భయముచే విరమించిరి. సముద్రపు బావిలో నెగ్గినవారే పొగగొట్టము నొద్ద ఆగిపోయిరి. ఒకచోట గాలి దట్టముగా, ఒత్తిడితో వచ్చుచుండెను. ఇంకొకచోట పలుచని పొగలో చెదరియుండెను. ఇంధనపు స్వభావమును గుఱించి నేను పైన చెప్పిన మాటకు ఇంతకంటె సాక్ష్య మేల?

ఇక రాక్షసిబొగ్గు. దీని పొగను పట్టుటకు మూడు దారులు వెదకిరి. మొదటిది కాల్చిన పిదప అమీనులతో కడుగుట. రెండవది మామూలు గాలికి బదులు శుద్ధమైన ప్రాణవాయువులో కాల్చుట. అప్పుడు పొగలో ఆవిరియు బొగ్గుపులుసు గాలియు తప్ప వేఱేమియు ఇంచుమించుగా మిగులదు, చల్లార్చిన నీరు వేఱుపడును. మూడవది బొగ్గును కాల్చకముందే వాయువుగా మార్చి, అందులోని కర్బనమును తీసివేసి, మిగిలిన ఉదజనిని కాల్చుట.

రెండవ దారిని జర్మనీవారు త్రొక్కిరి. 2008లో ష్వార్జె పుంపె యనుచోట గోధుమవన్నె బొగ్గును ప్రాణవాయువులో కాల్చు 30 మెగావాట్ల చిన్న యంత్రము నెలకొల్పిరి. యంత్రము చక్కగా పనిచేసెను. గాలిని ఎక్కడ దాచవలెనన్నప్పుడు చిక్కు వచ్చెను. తమ ఊళ్ళ క్రింద దాచుటకు ఆ ప్రాంతపు గ్రామస్థులు ఒప్పుకొనలేదు. అనుకూలమగు చట్టము రాలేదు. 2011లో పెద్ద కేంద్రపు ఆలోచన మానిరి. 2014లో చిన్న యంత్రమును మూసిరి.

మూడవ దారి అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రమున కెంపర్ అనుచోట పరీక్షింపబడెను. 300 కోట్ల డాలర్ల లోపున పూర్తియగునన్న కేంద్రమునకు 750 కోట్ల డాలర్ల వఱకు ఖర్చయ్యెను. బొగ్గును వాయువుగా మార్చు భాగము నిలుకడగా నడువలేదు. 2017 జూనులో దానిని విడిచి, సహజవాయువునే కాల్చుకొనిరి. 2021లో ఆ కట్టడములను కూల్చివేసిరి.

మొదటి దారియే కొంత ఫలించెను. 2014 అక్టోబరులో కెనడాలోని సస్కాచువాన్ రాష్ట్రమున బౌండరీ డ్యామ్ బొగ్గు కేంద్రపు మూడవ యంత్రమునకు పట్టు స్తంభములు కట్టిరి. లోకములో పెద్ద యెత్తున పొగను పట్టిన మొదటి విద్యుత్కేంద్ర మిది. ఏడాదికి 10 లక్షల టన్నులు పట్టుదుమనిరి. బూడిద దూరి పరికరములు పూడుటయు, ద్రవము చెడుటయు, యంత్రములు తఱచు నిలుచుటయు జరిగెను. 2023 నాటికి, అనగా ఎనిమిది యేండ్లు దాటిన పిదప, మొత్తము 50 లక్షల టన్నులు పట్టిరి. చెప్పినదానిలో సగమునకు కొంచెము పైమాట. ఇది చిన్న పని కాదు. చెప్పినంత పెద్ద పనియు కాదు. పట్టిన గాలిలో అధికభాగము నూనెబావులకు అమ్ముడుపోయెను. అన్నింటికంటె గమనింపదగినది: ఆ కేంద్రపు నాలుగవ, ఐదవ యంత్రములకు ఇట్టి స్తంభములు కట్టవలదని 2018లో ఆ సంస్థయే నిశ్చయించెను. ఒకసారి చేసి చూచినవాడు రెండవసారి చేయకుండుట, ఎన్ని ఉపన్యాసములకంటెను గట్టి సాక్ష్యము.

టెక్సాసులో హ్యూస్టను నగరము చెంత పెట్రా నోవా యను ఏర్పాటు 2017 జనవరినాటికి పనిలోనికి వచ్చెను. బొగ్గు పొగలో 240 మెగావాట్లకు సరిపడు భాగమును కడిగి, మూడేండ్లలో సుమారు 35 లక్షల టన్నులు పట్టిరి. ద్రవమును కాచుటకు వేఱుగ సహజవాయువు యంత్రమును పెట్టిరి. దాని పొగను మాత్రము పట్టలేదు. గాలినంతయు సుమారు 130 కిలోమీటర్ల గొట్టముతో నూనెబావులకు పంపిరి. 2020లో నూనె ధర పడిపోగానే పని నిలిపిరి. 2023 సెప్టెంబరులో మరల ఆరంభించిరి. స్తంభములు చెడిపోయి నిలువలేదు. నూనె ధర పడినందున నిలిచినవి. పట్టిన గాలితో తీసిన నూనెయు తుదకు ఎక్కడనో కాలి పొగయే యగునను సంగతిని కూడ లెక్కలో వ్రాసికొనవలెను.

కట్టెల కేంద్రముల వాదము వేఱు. చెట్టు పెరుగునప్పుడు ఆకాశమునుండి ఈ గాలిని పీల్చును. ఆ చెట్టును కాల్చి, పొగను పట్టి, భూమిలో దాచినచో ఆకాశమునుండి కొంత తీసివేసినట్లే యగునని చెప్పుదురు. ఇంగ్లండులోని డ్రాక్స్ కేంద్రము 1974 మొదలు బొగ్గు కాల్చి, తరువాత కట్టెపొట్టు ఉండలకు మాఱినది. అచ్చట 2019లో దినమునకు ఒక టన్ను పట్టి పరీక్షించిరి. జపాను దేశమున ఓముతా నగరములోని మికావా కేంద్రమున 2020 మొదలు దినమునకు 500 టన్నులు పట్టగల ఏర్పాటు కలదు. ఈ వాదము న్యాయమే గాని, ఒక నియమము కలదు. నఱికిన చెట్టునకు మాఱుగ చెట్టు పెరిగి తీఱవలెను. చెట్టు కాలుటకు గంటలు చాలును. పెరుగుటకు దశాబ్దములు పట్టును. విత్తనపు ధాన్యమును తిని, పంట వచ్చిన పిదప తీర్చుదుమనుట ఎట్టిదో రైతులకు నేను చెప్పనక్కఱలేదు.

దాచుచోటును గుఱించియు ఒక మాట. 1986 ఆగస్టు 21న ఆఫ్రికాలోని కామెరూన్ దేశమున న్యోస్ అను అగ్నిపర్వతపు సరస్సునుండి స్వభావముగా పేరుకొన్న ఈ గాలి ఒక్కసారిగా వెడలి, పల్లపు గ్రామములపై పరచుకొనెను. సుమారు 1,700 మంది నిద్రలోనే ప్రాణములు విడిచిరి. అది మనుష్యులు దాచిన గాలి కాదు. లోతైన ఇసుకరాతిలో దాచుటకును, సరస్సు నీటిలో పేరుకొనుటకును చాల భేదము కలదు. అయినను 2020 ఫిబ్రవరిలో మిసిసిపీ రాష్ట్రమున సటార్షియా గ్రామము చెంత ఈ గాలిని మోయు గొట్టము పగిలినప్పుడు, ప్రాణవాయువు చాలక మోటారుబండ్లు సైతము ఆగిపోయెను. 40 మందికి పైగా ఆసుపత్రి పాలయిరి. అదృష్టవశమున ఎవరును చనిపోలేదు. హాలండులో బారెండ్రెక్ట్ అను పట్టణపు క్రింద దాచ తలపెట్టగా, పురజనుల యభ్యంతరముచే 2010లో ఆ యోచన మానుకొనిరి. ఈ గాలి విషయమున ఊరివారిని ముందుగా అడుగుట మర్యాద మాత్రమే కాదు, అవసరము.

మన దేశపు సంగతి ఏమి? మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల కేంద్రమున ఎన్.టి.పి.సి. సంస్థవారు 2022లో 500 మెగావాట్ల యంత్రమునకు దినమునకు 20 టన్నులు పట్టు ఏర్పాటు చేసిరి. పట్టిన గాలిని ఉదజనితో కలిపి మిథనాలు అను ద్రవ ఇంధనముగా మార్చవలెనని వారి ఉద్దేశ్యము. మంచి ఆరంభమే. కాని అట్టి యంత్రము పూర్తిగా నడచిన దినమున సుమారు 10 వేల టన్నుల గాలి విడుచును. 10 వేలలో 20 అనగా 500 పాళ్ళలో ఒక పాలు. ఆ సంస్థయే రామగుండమునందును, విశాఖ చెంత సింహాద్రియందును బొగ్గు కేంద్రములను నడపుచున్నది. మన యిండ్లలోని దీపములకును, చేలలోని మోటార్లకును వచ్చు విద్యుత్తులో అధికభాగము ఇట్టి కేంద్రములదే. కాబట్టి ఇది దూరదేశపు కథ యని త్రోసివేయుటకు వీలులేదు. రేపు మన గొట్టములకు స్తంభములు కట్టినను, కట్టకున్నను, ఆ ఖర్చో ఆ ఫలితమో మన పిల్లల నెత్తిన పడును.

ఈ లెక్కలన్నియు చూచిన పిదప నాకు తోచునదేమనగా: పొగను పట్టవచ్చునా యను ప్రశ్నకు చాలకాలము క్రిందటనే సమాధానము దొరికినది. పట్టవచ్చును. బొగ్గు పొగ, వాయువు పొగ, కట్టెల పొగ, మూడింటిని పట్టి చూపిరి. తేలవలసినది అది కాదు. పట్టుటకగు ఖర్చును ఎవరు, ఎంతకాలము భరింతురు? సోడాకు గిరాకి యున్నంతకాలము, నూనెకు ధర యున్నంతకాలము పట్టినవారు కలరు. పన్నునకు వెఱచి పట్టినవారు కలరు. లాభమును గాని, శాసనమును గాని లేక కేవలము వాగ్దానముచే పట్టినవారు ఈ చరిత్రలో నాకు కనబడలేదు. మఱియొక సంగతి. ప్రాయశ్చిత్తము శాస్త్రసమ్మతమే, ప్రాయశ్చిత్తము కలదను ధైర్యముతో పాపము చేయుట మాత్రము ఏ శాస్త్రమును ఒప్పుకొనదు. ఎండనుండియు, గాలినుండియు విద్యుత్తు చౌకగా వచ్చుచున్న ఈ దినములలో, పట్టుదుమను మాటను చూపి కొత్త పొగగొట్టములు లేపుట నాకు సమ్మతముగా తోచదు. ఇప్పటికే నిలిచియున్న గొట్టములకును, వేఱు దారి సులభముగా లేని సిమెంటువంటి పరిశ్రమలకును ఈ విద్య ఉపయోగపడిన పడవచ్చును.

మీ గ్రామమునకు ఎవరైనను వచ్చి ఇట్టి ఏర్పాటును గుఱించి చెప్పినప్పుడు వారిని మూడు ప్రశ్నలు అడుగుడు. కిందటి యేడు ఎన్ని టన్నులు పుట్టినవి, అందు ఎన్ని పట్టిరి? పట్టినది ఎక్కడ చేరినది: సోడాబుడ్డికా, నూనెబావికా, శాశ్వతముగా రాతిపొరలోనికా? దాని ఖర్చు ఎవరి పద్దున వ్రాసిరి? ఈ మూడింటికి అంకెలతో సమాధానము చెప్పువారు గౌరవింపదగినవారు. అంకెలు లేక ఆశలు మాత్రము చెప్పువారిని మరుసటి యేడు అంకెలతో రమ్మని మర్యాదగా సాగనంపుడు.